గదికి ముగ్గురు

హలో… ఆ, నేనేనండీ. మీ హోటల్లో రెండో అంతస్తు, మెట్ల పక్క గది. … అవును, ఇందాకటి నుంచి చేస్తున్నది నేనే. ఎంతసేపటికీ ఎత్తరేంటి మేడమ్?

లేదు లేదు, కోపం కాదు. కంగారు. … వినపడట్లేదా? వెనక రోలర్‌కోస్టర్. అది కిందికి దూకినప్పుడల్లా జనం కేకలు. ఆగండి, తలుపు మూస్తాను. … ఆ. ఇప్పుడు?

పార్కులోనే ఉన్నాం. సెక్యూరిటీ ఆఫీసులో. … మా పాప మేడమ్. బొమ్మ రైలు ఎక్కే వరసలో నిలబడ్డాం. నీళ్ళ సీసా మూత తీసి తల తిప్పేసరికి లేదు. … దొరికింది, దొరికింది! ఇక్కడే గాజు గోడల గదిలో ఉంది. కుర్చీ మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటోంది. … దొరికితే ఇంకేం బాధ అంటే — ఇవ్వట్లేదు. మా పిల్లని మాకు ఇవ్వట్లేదు!

ఎందుకంటే… మీకు ఫోన్ చేశారట కదా వీళ్ళు, ఆ గదిలో ఎంతమంది అని. మీరు ముగ్గురని చెప్పారట. … నిజమేలెండి. బుకింగ్‌లో ముగ్గురే. నేను, మా ఆవిడ, మా పెద్దాడు. …

ఈ పాపా? ఈ పాప… మా చెల్లెలి కూతురండీ. ఈ ఊళ్ళోనే ఉంటారు. పొద్దున్న తీసుకొచ్చి మా దగ్గర వదిలి వెళ్ళింది. … 'మా పాప' అన్నానా? మేనకోడలు మాత్రం మన పిల్ల కాదా మేడమ్, భలేవారే! …

చెల్లెలి నంబరా. … దానికి… ఫోను పాడైంది. … వాళ్ళాయనదా? ఆయనదీ పాడైంది.

హలో? … ఉన్నారా? … వీళ్ళకేం చెప్పానా? వీళ్ళకి… కూతురని చెప్పాను. … అవును. వాళ్ళకి కూతురు, మీకు మేనకోడలు. … అవును, వినడానికే బాగోలేదు.

సార్, ఒక్క నిమిషం సార్, హోటల్ వాళ్ళే. మాట్లాడి ఇస్తాను. … నువ్వు ఏడవకే, పాపని ఇప్పించడానికేగా మాట్లాడుతున్నాను!

మేడమ్, ఒక్క సాయం. ఈయనకి ఫోనిస్తాను. 'నలుగురు వచ్చారు, నేనే పొరపాటున ముగ్గురని చెప్పాను' అని ఒక్క ముక్క చెప్పండి. మీ సొమ్మేం పోతుంది? … ఉద్యోగమా. … లేదు, మీ ఉద్యోగం పోవాలని కాదు… సరే. సరే, తప్పే, అడక్కూడదు.

ఏంటి? … మళ్ళీ చెప్పండి. … గదులు ఊడ్చే ఆవిడా? …

మంచం కింద.

పొద్దున్నేనా. … మేం కింద టిఫిన్ చేస్తున్నప్పుడు. … వంగి చీపురు పెడితే రెండు కళ్ళు కనపడ్డాయా. … కేక వేసిందా ఆవిడ? … పాప నోటి మీద వేలు పెట్టి, ఉష్ అందా. మా పిచ్చుకే, ముద్దుగా అలాగే పిలుస్తాం. ముమ్మాటికీ అదే. …

అవునండీ, ఒంటరిగా వదిలి వచ్చాం. టిఫిన్ కూపన్లు మూడే కదా ఇచ్చారు. దానికి రొట్టె రుమాల్లో చుట్టి పట్టుకెళ్దామని… తిట్టండి మేడమ్, పర్లేదు. …

ఆవిడ అడిగిందా? మీ అమ్మానాన్నా ఏరని? … ఏమందట? …

…

విన్నాను. 'వాళ్ళు అమ్మానాన్నా కాదు, అంకుల్, ఆంటీ. నన్ను ఎవరికీ చూపించకూడదు.' … అలాగే అందా, ఆ మాటే?

ఆగండి. అయితే వీళ్ళు మీకు ఫోన్ చెయ్యలేదా? మీరే వీళ్ళకి చేశారా? … కౌంటర్ మీది కెమెరాలోంచి నా ఫొటో తీసి పంపారా. … అంటే మా పాప తప్పిపోలేదు. వరసలోంచి వీళ్ళే పక్కకి తీసుకెళ్ళారు. నా నుంచి కాపాడటానికి.

నేను పిల్లల్ని ఎత్తుకుపోయేవాడినని.

… లేదు మేడమ్. మీరు సారీ చెప్పకండి. ఆ ఊడ్చే ఆవిడ కూడా తిట్లు పడకూడదు. మంచం కింద పిల్ల అలా అంటే ఎవరైనా చెయ్యాల్సింది అదే. నేనైనా అదే చేస్తాను. … కూర్చుంటానుండండి.

చెప్తాను. అన్నీ చెప్తాను. ఇక దాచి ఏం లాభం?

అది నా సొంత కూతురు మేడమ్. … నమ్మరు. నాకు తెలుసు. కాస్త ముందు మేనకోడలన్నవాణ్ణి ఎవరు నమ్ముతారు? … ఫొటోలు చూపించాను. ఫోన్ నిండా అదే. 'ఇరుగుపొరుగు వాళ్ళ ఫోన్లలో కూడా పిల్లల ఫొటోలుంటాయి' అన్నారు సారు. మా ఆవిడ వాళ్ళ బావగారికి ఫోన్ చేసింది, మా తోడల్లుడు. ఆయన చెప్తే, 'ఫోన్లో ఎవరైనా ఎవరికైనా బావ అవుతాడు' అన్నారు. కాగితాలా? ఇంట్లో బీరువాలో. బీరువా తాళం ఇదిగో నా జేబులో.

అసలు ఈ తద్దినమంతా ఆ తోడల్లుడి వల్లే… కాదు. నా వల్లే. పోయినేడు వాళ్ళు ఈ పార్కుకే వచ్చారు. గేటు లోపల కోటలా ఉంటుంది చూడండి, ఆ హోటల్లో దిగారు. కిటికీ తీస్తే రంగులరాట్నం. ఆ ఫొటోలు చూసిన దగ్గర్నుంచి మా పిల్లలు నిద్రలో కూడా పార్కే. సరే అన్నాను. అని, హోటళ్ళు వెతకడం మొదలెట్టాను. లోపలవి మన వల్ల కాదు. గేటు బయటవి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. ఒకదానికి పార్కు బస్సు ఉచితం, గదికి కిటికీ లేదు. ఒకదానికి కిటికీ ఉంది, అది పక్క గోడలోకి ఉంది. మీదొక్కటే అన్నీ కలిసొచ్చింది. నడిచి వెళ్ళేంత దగ్గర, శుభ్రం, టిఫిన్ కలిపి. కానీ గదికి ముగ్గురు. నాలుగో మనిషి ఉంటే రెండో గది తీసుకోవాల్సిందే. …

ఆ. అక్కడే బుద్ధి గడ్డి తింది.

మా ఆవిడ వద్దంది. నవ్వేశాను. 'అరచేయంత పిల్ల, ఎవరు చూస్తారే' అన్నాను. మెట్ల వెనక మీరు దుప్పట్లు ఉతకడానికి పట్టుకెళ్ళే తలుపు లేదూ? మా ఆవిడ మీతో వేణ్ణీళ్ళ సంగతి మాట్లాడుతుంటే, నేను దాన్ని అటునుంచి ఎక్కించాను. … గుర్తొచ్చిందా. 'ఆవిడ వేణ్ణీళ్ళ గురించి అంతసేపు అడిగారేంటా' అనుకున్నారా. అదన్నమాట.

నేనేం చేస్తుంటానా? … ఆ ఒక్కటీ అడగకండి మేడమ్. … కండక్టర్ని. సిటీ బస్సులో.

నవ్వండి, పర్లేదు. … నవ్వట్లేదా.

రోజూ ఇదే పని నాది. తలుపు పక్కన కమ్మీ మీద గీత ఉంటుంది, పిల్ల ఆ గీత దాటితే టికెట్. మోకాళ్ళు వంచి నిలబడమని పిల్లలకి చెప్పే తండ్రుల్ని ఎంతమందిని పట్టుకున్నానో! ఊరుకునేవాణ్ణి కాదు. బస్సంతా వినేలా, 'మీసాలొచ్చాక కూడా వీడికి ఐదేళ్ళేనా సార్' అనేవాణ్ణి. అందరూ గొల్లున నవ్వేవాళ్ళు. ఆ పిల్లలు తలొంచుకునేవాళ్ళు. నేనెప్పుడూ తండ్రి మొహమే చూశాను, పిల్లల మొహం చూడలేదు. …

అందుకే పకడ్బందీగా చేశాను. ఎక్కడ దొరికిపోతారో నాకు తెలుసుగా. ఎవరైనా ప్రేమగా అడగ్గానే పిల్లలు నిజం చెప్పేస్తారు. అందుకని దానికి ఆటలా నేర్పాను. బ్యాడ్జీ పెట్టుకున్న మనిషి కనపడితే మేం ఎవరమో నీకు తెలీదు. అమ్మ ఆంటీ, నేను అంకుల్, అన్నయ్య ఎవరో అబ్బాయి. ఇంటికెళ్ళే బస్సెక్కేదాకా దొరక్కపోతే నువ్వు గెలిచినట్టు. పెద్ద ఎలుగుబంటి బొమ్మ కొనిస్తానన్నాను.

ఇందాక ఇక్కడికి రాగానే వాళ్ళమ్మ పరిగెత్తింది దాని మీదికి. అది వెనక్కి జరిగి, 'మీరెవరు ఆంటీ' అంది. … ఆ. కన్నతల్లిని. మావాడు 'చెల్లీ' అని చెయ్యి పట్టుకుంటే విదిలించేసింది. వాడు గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు, ఇప్పటికీ. …

నన్నా? నా వైపు చూసి, ఈ సారు అటు తిరగ్గానే, కన్ను కొట్టింది మేడమ్. గెలుస్తున్నాను చూడు నాన్నా అన్నట్టు.

… చెప్పానండీ. 'ఆట అయిపోయిందిరా, ఇంక చెప్పెయ్' అని వంద రకాలుగా చెప్పాను. నమ్మదు. ఎందుకంటే… ఆ కన్నం కూడా నేనే పూడ్చాను. 'నేనొచ్చి అయిపోయిందన్నా నమ్మకు, అది నీకు పరీక్ష' అని చెప్పి ఉంచాను. అంత తెలివి నాది. ఇప్పుడు నా కూతురి దగ్గర నా మాటకి విలువ లేదు. నేనే లేకుండా చేసుకున్నాను.

ఏంటి సార్? … బయల్దేరిందా? … మేడమ్, పోలీసు బండి బయల్దేరిందట. పాపని వాళ్ళకి అప్పగిస్తారట. కాగితాలు వచ్చేదాకా ఎక్కడో పిల్లల హోమ్‌లో… సార్, అంత చిన్నపిల్ల సార్, అమ్మ పక్కన లేకపోతే నిద్రపోదు సార్!

… ఆ, వింటున్నాను మేడమ్, చెప్పండి. …

మీరు మాట్లాడతారా? దాంతో? … అవును. అది దాక్కున్నదే మీ దగ్గర్నుంచి. … మీకే తెలిసిపోయిందంటే ఇంక ఆట ఎక్కడిది? అవును. అవును మేడమ్! … కానీ నేను చెప్పాలా. మీతో. దానికి వినపడేలా. …

ఇక్కడ చాలామంది ఉన్నారండీ. పిల్లల కోసం వచ్చినవాళ్ళు, గొడుగు పోయిందని వచ్చినవాళ్ళు. మా పెద్దాడు కూడా… వాడికి నేనంటే హీరో. … లేదు. సరే. మీరన్నది నిజం. పిల్ల మంచం కింద పడుకోగా లేనిది, నేను నలుగురిలో చెప్పలేనా.

సార్, ఆవిడ పాపతో మాట్లాడతారట. ఫోను స్పీకర్లో పెడతాను. తలుపు తియ్యండి సార్. మీరు పక్కనే ఉండండి. నేను గడప దాటను. …

పిచ్చుకా. … సరే, అంకుల్నే. అంకుల్ మాట వినక్కర్లేదు, ఊరికే చూస్తూ ఉండు. ఈ ఫోన్లో ఎవరున్నారో తెలుసా? హోటల్లో బల్ల వెనక కూర్చునే బ్యాడ్జీ ఆంటీ. మేడమ్, ఏదన్నా మాట్లాడండి. … చూశావా, ఆవిడ గొంతే కదా?

మేడమ్. మీ దగ్గర ముగ్గురమని చెప్పి గది తీసుకున్నది నేను. అది అబద్ధం. మేం నలుగురం. నాలుగో మనిషి మా కూతురు. దాన్ని వెనక మెట్ల మీంచి దొంగతనంగా తెచ్చింది నేను. మంచం కింద దాక్కోమంది నేను. అమ్మని ఆంటీ అనమంది నేను. వాళ్ళమ్మ వద్దంది. పిల్లకి ఏమీ తెలీదు. దానికి ఆటని చెప్పాను. ఆట కాదది. …

అవును బాబూ, వింటున్నావుగా పెద్దోడా. నిజమే. నాన్న అలాగే చేశాడు. ఇటు తిరుగు. … వద్దనుకుంటే తిరగకు.

ఏమ్మా? … ఆ. ఆంటీకి తెలిసిపోయింది. మేడమ్, చెప్పండి దానికి. …

లేదమ్మా. నువ్వు దొరకలేదు. నువ్వు ఎక్కడా దొరకలేదు. నేను దొరికాను. …

ఎలుగుబంటి సంగతి తర్వాత. ఏడవకు. … సార్, దాన్ని పట్టుకోకండి సార్, వెళ్ళనివ్వండి… అదిగో. అదిగో మేడమ్! … విన్నారా? 'అమ్మా' అంది. వాళ్ళమ్మ మెడ పట్టుకుని వేలాడిపోతోంది. మావాడు కూడా వెళ్ళి మీద పడ్డాడు.

… ఆ, సారు బండి వాళ్ళకి ఫోన్ చేస్తున్నారు. వెనక్కి వెళ్ళమంటున్నారు. నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకుంటారట. పెడతాను. ఏం రాసుకున్నా పెడతాను.

నా దగ్గరికా? … ఇంకా రాలేదండీ. దూరం నుంచి చూస్తోంది. …

ఒక్క నిమిషం, ఏదో అడుగుతోంది. … సార్‌ని అడుగుతోంది.

…

ఏం లేదు మేడమ్. ఏం లేదు. … 'ఇప్పుడు ఆయన్ని నాన్నా అనొచ్చా' అని అడుగుతోంది. నన్ను కాదు. ఆ బ్యాడ్జీ పెట్టుకున్నాయన్ని అడుగుతోంది.

… అనొచ్చన్నారు. …

వచ్చింది. చొక్కా పట్టుకుంది. … ఉండండి, ఎత్తుకుంటాను… ఆ. చెప్పండి.

మేనేజరుగారు గది ఖాళీ చెయ్యమన్నా చేసేస్తాం. … ఉండమన్నారా. రెండో గది తీసుకుంటాను. ఒక రోజు ముందే బయల్దేరిపోతే ఆ ఖర్చుకి సరిపోతుంది. … తప్పకుండా. పాపని ముందు తలుపు లోంచే తెస్తాను. ఆ ఊడ్చే ఆవిణ్ణి కాస్త కింద ఉండమనండి. ఆవిడకి ఏం చెప్పాలో తెలీదు, కానీ ఎదురుగా నిలబడతాను.

ఇప్పుడే రాసేస్తారా? … రాయండి. నాలుగో మనిషి, వయసు ఐదు. నిజంగా ఐదేనండీ. … పేరా?

పేరు… నేను చెప్పను మేడమ్. నేను చెప్పించిన అబద్ధాలు చాలు. దాన్నే అడగండి.

పిచ్చుకా, ఇదిగో ఫోను. రెండు చేతులతో పట్టుకో. ఆంటీ నీ పేరు అడుగుతున్నారు. … కాదు, పరీక్ష కాదు. … అసలుదే. అందరికీ వినపడేలా చెప్పు, తల్లీ. చెప్పు.