హరిబాబు నేషనల్స్ కొట్టిన వైనం

ఆ ఉదయం పలాస ఆస్పత్రి వెనక వరండాలో చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. డయాలసిస్ వాళ్ళు తమ వంతు వచ్చేదాకా కూర్చునే సిమెంటు బల్లలవి. మామూలు రోజుల్లో అక్కడ ఊసులకి అంతుండదట. ఈవేళ మాత్రం ఎవరికి వాళ్ళు నేల చూస్తూ కూర్చున్నారు. కిటికీ పక్క మంచం మనిషి చంద్రమౌళి మొన్న పోయాడు. ఆ మంచం, దాని పక్కనున్న మిషను ఈవేళ్టి నుంచి యామినివి.

యామినిది టెక్కలి. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. కాళ్ళు పొంగితే నడక ఎక్కువై అనుకుంది. మొహం కూడా పొంగాక వాళ్ళమ్మ రాజకుమారి పట్టుబట్టి రక్తపరీక్ష చేయించింది. వారం తిరక్కుండానే మెడలోకి గొట్టం దిగింది. “రోజు విడిచి రోజు మిషను ఎక్కాలి. మానడానికి లేదు” అని డాక్టరు చెబుతుంటే యామిని అడిగింది ఒక్కటే మాట. “వచ్చే నెల బెంగుళూరు వెళ్ళొచ్చా సార్?” ఆయన ఆమె వైపు ఒకసారి చూసి, మళ్ళీ తల్లితోనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

బెంగుళూరులో కార్డులాట జాతీయ పోటీలున్నాయి. పేకాట కాదది. జంతువులు, పాములు, రాక్షసులు అచ్చేసిన కార్డులు ప్యాకెట్లలో అమ్ముతారు. ఎవరి కట్ట వాళ్ళు ఏరుకుని, కూర్చుకుని, ఎదుటివాడి కట్టతో యుద్ధం ఆడాలి. టెక్కలిలో ఆ ఆట ఎరిగినవాళ్ళు లేరు. యామిని ఫోనులో చూసి నేర్చుకుంది, ఫోనులోనే ఆడింది, ఒకనాడు రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి అక్కడి పోటీలో అందర్నీ ఓడించి నేషనల్స్‌లో చోటు తెచ్చుకుంది. ఈవేళ ఆ కట్ట బయటికి తీసి ఊరికే కలుపుతూ కూర్చుంది.

“ఇప్పుడవెందుకే” అంది రాజకుమారి మెల్లగా.

“అలగ కలపకూడదు తల్లీ, అంచులు ఇరిగిపోతాయి” అన్నాడు ఎదురు బల్ల మీంచి ఒకాయన. “నేషనల్సులో అలగ కలిపితే లేపి బయటికి పంపించీగలరు.”

యామిని తలెత్తింది. నలభై దాటిన మనిషి. కమిలిన మొహం, ఎడం చేతి మీద మిషను సూదులకి తాళ్ళలా ఉబ్బిన నరాలు.

“మీకు ఈ ఆట తెలుసా అంకుల్?”

“తెల్సా అంటావేటి!” ఆయన బల్ల మీద నిటారుగా కూర్చున్నాడు. “మావా, ఇన్నావా? ఈ హరిబాబుకి కార్డులాట తెల్సా అంటంది ఈ పాప.”

మావా అనిపించుకున్న ముసలాయన పేరు అప్పలస్వామి. సంతబొమ్మాళి వైపు పల్లె నుంచి వస్తాడు, ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం సముద్రం మీద వేటకెళ్ళినవాడు. “ఇంక మొదలెట్టీసినాడు” అన్నాడాయన. “నాలుగేళ్ళ బట్టి ఇంటన్నాం పాపా ఈడి కోతలు. ఇద్దరం ఒకపాలే మిషనెక్కేం.” ఆ గొంతులో విసుగు కంటే ఊరటే ఎక్కువ వినిపించింది యామినికి. ఇంతసేపూ ఆ నిశ్శబ్దాన్ని ఎవరు తీస్తారా అని చూస్తున్నట్టు అందరూ కాస్త ఇటు జరిగారు.

“సెప్తాను ఇను తల్లీ. ఆ నేషనల్సు పుట్టినప్పుడు నానక్కడే ఉన్నాను, బెంగుళూర్లో. ఇప్పుడంటే పెద్దపెద్ద హాళ్ళు గానీ మొదటేడు ఏటుంది? ఓ ఇస్కూలు గది, పిల్లలు కూకునే బల్లలు, ఓ పంకా, అదీ తిరగదు. దేశం మొత్తం మీద ఏడుగురే వొచ్చేరు. ఏడుగురికి జోడీలెలగ కడతారు? ఒకడు మిగిలిపోతాడు గదా. ఆట పెట్టినోలలో పెద్దాయన బయటికొచ్చి, ‘హరిబాబు గారూ, మీరు కూకుంటే గానీ ఈ దేశంలో ఈ ఆట మొదలవదండి’ అని సేతులు పట్టుకున్నాడు. సర్లే, కుర్రోలు బాదపడతన్నారు గదాని కూకున్నాను.”

“కూకుని?” అంది సూరమ్మ. జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టి కొట్టి నల్లబడిన వేళ్ళు ఆమెవి. పని మానేసి ఏళ్ళయినా ఆ నలుపు పోలేదు.

“కూకుని ఒక్క ఆట నెగ్గేను పిన్నీ. ఒక్కటే. అబద్దమెందుకు?”

యామిని నవ్వుకుంది. ఇది నిజమే అయ్యుండొచ్చు. చిన్న పోటీల్లో జోడీ కుదరకపోతే దారిన పోయేవాణ్ణి కూర్చోబెట్టడం ఉన్నదే.

“ఆ తర్వాత ఏటైందో తెల్సా? రొండో ఏడు నాకోసం మనిసిని పంపించీసినారు. ఈపాలి ఇస్కూలు గది కాదు, పెళ్ళిళ్ళు సేసే హాలు. సేతికి పచ్చ పట్టీ కడితే గానీ గుమ్మంలోకి రానీరు. బల్లకో నెంబరు. నల్ల సొక్కాలేసుకుని జడ్జీలు తిరుగుతుంటారు. తగువొస్తే సెయ్యెత్తాలి గానీ నోరెత్తకూడదు.”

యామిని చేతుల్లో కార్డులు ఆగిపోయాయి. విశాఖలో ఆమె చేతికీ పచ్చ పట్టీయే కట్టారు. జడ్జీలవి నల్ల చొక్కాలే. ఎవరో చెబితే విని అనే మాటలు కావివి. ఈ మనిషి నిజంగా అక్కడికి వెళ్ళాడు.

“నా ఎదర కలకత్తా కాలేజీ నుంచొచ్చిన పెపెసరు. ఆడి సేతిలో ఏడు తలల పాము, నిప్పులు కక్కుతాది. నా సేతిలో ఏటున్నాది? పీత! మన బారువ ఒడ్డున తిరిగే పీతలాటిదే. ఆడు పకపకా నవ్వేడు. నాను మాటాడకుండా పీతని బల్ల మీద పెట్టి ఇలగ పక్కకి జరిపేను. పీత పక్కకే గదా నడుస్తాది? ఆ పాము ఏడు తలకాయలూ పీత ఎటెల్తే అటు తిరిగి, తిరిగి, ఒకదాన్నొకటి సుట్టుకుని ముడిపడిపోనాయి. పెపెసరు ఆ ముడి ఇప్పలేక ఏడుసుకుంటా రైలెక్కీసినాడు.”

“కాయితం మీద బొమ్మే గదరా. ముడెలగ పడతాదిరా?” అన్నాడు అప్పలస్వామి.

“సముద్రం మీద గీతుందేటి మావా? నేదు గదా? మరి మీవోలు గీత దాటేరని ఎలగ పట్టుకుపోతన్నారు?”

ముసలాయన పల్లె కుర్రాళ్ళు కొందరు ఒకప్పుడు ఆ గీత దాటారనే పరాయి దేశపు జైల్లో కూర్చుని వచ్చారు. “పోనీ, పడిందనుకో” అన్నాడు ముసలాయన.

“ఇంక అక్కణ్ణించి ఏటేటా నానే. గుజరాతోడొచ్చేడు, పోనాడు. డిల్లీ వోడొచ్చేడు, పోనాడు. పీత పేరు సెపితే ఆటగాళ్ళు రేతిరి అన్నం తినడం మానీసినారు. మరి తిత్లీ తుఫాను సముద్రంలో పుట్టిందనుకుంటన్నారు గదా మీరంతాను? కాదు. ఆవేళ నాకు ఫైనలు. అవతలోడు తొండి సేసేడు. నాకు కోపమొచ్చీసింది. పీత కార్డు ఇలగెత్తి బల్ల మీద ఫట్‌మని కొట్టేను. గాలి లేసింది. హాలు మీద రేకులు లేసిపోనాయి. ఆ గాలి అలగే తిన్నగా వొచ్చి మన ఉద్దానం తోటల మీద పడ్డాది.”

“ఒరే సచ్చినోడా!” సూరమ్మ బల్ల మీంచి లేవబోయింది. “నా కొబ్బరి సెట్లన్నీ పడగొట్టింది నువ్వేట్రా?”

“ఆటలో ఉన్నాను గదా పిన్నీ, సూసుకోనేదు.”

వరండా అంతా నవ్వింది. రాజకుమారి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురికి జబ్బని తెలిసిన తర్వాత ఆమె నవ్వడం యామిని ఇదే చూడటం. సూరమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే, “కన్నబిడ్డల్లా పెంచేన్రా” అంది. ఆ తర్వాత ఆమె నవ్వలేదు.

“కరోనా ఏడు ఆట పెట్టనేదు. నాను రానన్నాను, అందికే పెట్టనేదు. ఇయన్నీ ఒకెత్తు తల్లీ. పోయినేడు సూడాలి అసలు.”

“పోయినేడు కూడా వెళ్ళారా అంకుల్?”

“నానెల్లకపోతే పెట్టరు గదా! జపానోడు దిగినాడు. ఆ ఆట కనిపెట్టిన దేశపోడు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రుళ్ళు, కుర్సీలోంచి లేవకుండా ఆడేం. కన్ను మూత పడిందంటే ఓడిపోయినట్టే. గొంతెండిపోతంది. నాను సెయ్యెత్తేను. జడ్జీ పరిగెట్టుకొచ్చేడు. దాహం అన్నాను. మన కంచిలి నుంచి ఇమానం మీద కొబ్బరి బొండాలు దించీసినారు.”

హరిబాబు గొంతు కొంచెం తగ్గింది. మనిషి ముందుకి వంగాడు.

“ఒకడు సెక్కడం, ఒకడు అందివ్వడం. నాను తాగుతునే ఉన్నాను. ఒకటా, రొండా? గెలలు గెలలు తాగీసినాను. లేతవి, లోపల మీగడ కూడా కట్టనేదు. గెడ్డం కిందనించి కారి సొక్కా తడిసిపోతంది, తుడుసుకోనేదు. బొండాలైపోతే కొత్త కుండలో నీళ్ళు తెచ్చేరు. సెంబుతో కాదు మావా. కుండే ఎత్తీసినాను. గుటక గుటకకీ కడుపులోకి సల్లగా దిగుతంది.”

జపానువాడు ఏమయ్యాడని ఎవరూ అడగలేదు. అప్పలస్వామి కూడా ఒట్టి గుటక వేశాడు. రోజంతా కలిపి రెండు గ్లాసుల నీళ్ళు దాటకూడదనీ, కొబ్బరినీళ్ళు చుక్క ముట్టినా గుండె ఆగిపోవచ్చనీ యామినికి నిన్ననే చెప్పారు. అక్కడ కూర్చున్నవాళ్ళు కొబ్బరితోటల్లో పుట్టినవాళ్ళు. ఏళ్ళ తరబడి నాలుక తడుపుకుని బతుకుతున్నవాళ్ళు.

“తియ్యగున్నాయేట్రా?” అంది సూరమ్మ, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

“పంచదారే పిన్నీ.”

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. “ఇంకా తాగు” అన్నాడు.

హరిబాబు ఇంకా తాగాడు. బొండాలు చెక్కేవాళ్ళ చేతులు పడిపోయాయి, వేరే మనుషులొచ్చారు. బెంగుళూరు చెరువొకటి ఎండిపోయింది.

యామిని ఆ నీళ్ళ కథ వినడం మానేసింది. ఆమె మనసు ఇంకోచోట ఉంది. పాము అబద్ధం. రేకులు అబద్ధం. ఏడు రోజులూ అబద్ధమే, పోటీ జరిగేది మూడు రోజులు. కానీ పచ్చ పట్టీ నిజం, నల్ల చొక్కాలు నిజం. ఈయన మిషనెక్కి నాలుగేళ్ళయిందని ముసలాయన అన్నాడు. వెళ్ళింది పోయినేడు. అంటే మిషను మీదున్న మనిషే బెంగుళూరు వెళ్ళి, ఆడి, తిరిగొచ్చాడు. ఈ వారంలో డాక్టర్లు గానీ చుట్టాలు గానీ ఆమెకి చెప్పని సంగతి ఇది. 

“అంకుల్, మధ్యలో డయాలసిస్ ఎక్కడ చేయించుకున్నారు?”

చెయ్యెత్తి కుండ పట్టుకున్నట్టున్న హరిబాబు అలాగే ఆగాడు. “ఏటి తల్లీ?”

“బెంగుళూరులో ఏ ఆస్పత్రి? ముందే మాట్లాడుకోవాలా? ఇక్కణ్ణించి కాగితం ఏమైనా రాయించుకెళ్ళాలా? నాది వచ్చే నెలలోనే. రైల్లో రానూ పోనూ చెరో రోజు. మీరు ఎలా వెళ్ళొచ్చారో చెప్తే నేనూ అలాగే వెళ్తాను.”

ఆ పిల్ల వేళాకోళానికి అడగలేదని అందరికీ అర్థమైంది. వేళాకోళమైతే హరిబాబు దగ్గర జవాబుండేది. రాజకుమారి కూడా బల్ల అంచుకి జరిగింది.

“చెప్పండి బాబూ. ఎంత కష్టమైనా నేను తీసుకెళ్తాను. వారం రోజులుగా అదొక్కటే అడుగుతోంది” అంది.

హరిబాబు చెయ్యి దించాడు. “అక్కడా... ఉంటాయి గదా మరి...” అని ఆగాడు. అప్పలస్వామి వైపు చూశాడు. వలలో చిక్కుకున్నవాడి చూపు. ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

“ఈడు ఎల్లనేదు పాపా. ఒంట్లో బాగున్న రోజుల్లో బెంగుళూర్లో పనికెల్లి ఆ హాల్లో కుర్సీలేసీవోడు. అప్పుడు సూసినాడు ఆటన్నీ. మిషనెక్కిన కాణ్ణించి ఎక్కడికీ ఎల్లనేదు. పోయినేడు ఆ రోజుల్లో కూడా ఇదే బల్ల మీద నా పక్కనే కూకున్నాడు.”

హరిబాబు కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. తుడవడానికి అక్కడ చెమటేమీ లేదు.

“మరి ఇంకెవరైనా?” యామిని ఒక్కొక్కరి మొహమూ చూసింది. “మిషను మొదలుపెట్టాక దూరం వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరూ లేరా? ఒక్కరైనా?”

వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. లేదనడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందరూ నిజంగానే వెతుకుతున్నారు, ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కడికైనా వెళ్ళారేమోనని. పోయినవాళ్ళ పేర్లు గుర్తొచ్చాయి గానీ వెళ్ళొచ్చినవాళ్ళు గుర్తు రాలేదు. చివరికి సూరమ్మ నోరు తెరిచింది.

“నానెల్లేనమ్మ.”

యామిని ఆమె వైపు తిరిగింది.

“మొన్న సంవచ్చరం మా అన్న పోతే ఇచ్చాపురం ఎల్లేను. పొద్దున్నెల్లి, మొకం సూసీసి, మద్దేనానికి వొచ్చీసేను.”

పలాస నుంచి ఇచ్ఛాపురం రైల్లో గంట కూడా పట్టదు.

ఎవరూ నవ్వలేదు. అప్పలస్వామి అవునన్నట్టు తలూపాడు. లోపలి నుంచి నర్సు యామిని పేరు పిలిచింది. రాజకుమారి కూతురి మోచెయ్యి పట్టుకుని లేపుతుంటే, సూరమ్మ ఇంకా చెబుతూనే ఉంది.

“కాళ్ళు పొంగీసినాయి, ఆయాసమొచ్చీసింది. ఎల్లొద్దని అందరూ అన్నారు. అయినా ఎల్లేను” అంది ఆమె, కాస్త గొప్పగానే.