కారప్పొడికీ బోరుబండికీ లింకు

ఆన్‌లైన్ వ్యాపారం చేసేవాడికి హైటెక్ సిటీ గాలి తగలాలట. అందుకని చెన్నకేశవులు రోజూ సాయంత్రం చందానగర్ నుంచి స్కూటర్ మీద వచ్చి, మా ఆఫీసు వెనక నర్సింహ ఛాయ్ బండి దగ్గర కూర్చుంటాడు. ప్రొద్దుటూరు మనిషి. నిన్నమొన్నటిదాకా ప్లాట్లు అమ్మించేవాడు, ఇప్పుడు భార్య పార్వతమ్మ దంచే పొడులకు వెబ్‌సైటు పెట్టాడు. నోరు తెరిస్తే కోతలేనని మా అందరికీ తెలుసు. అయినా ఆయన రాని రోజు నర్సింహ ఛాయ్ నాకెందుకో చప్పగా ఉంటుంది.

మొన్న సాయంత్రం నేనున్నాను, షిఫ్టు దిగి వచ్చిన నర్సు హన్నా ఉంది. ఆ అమ్మాయి మాతో పెద్దగా మాట్లాడదు, ఫోన్ చూసుకుంటూ ఛాయ్ తాగి వెళ్ళిపోతుంది. కేశవులు స్కూటర్‌కి స్టాండ్ వేశాడో లేదో, నర్సింహ కదిపాడు.

"ఏంది కేశవులన్నా, ఒక్క గిరాకన్న తగిలిందా? ఈ ఐతారం దాక ఆర్డర్ రాకుంటె రోకలి మూలకు పెట్టి, లింగంపల్లి హాస్టల్ల వంటకు పోతనన్నదంట గద వదిన?"

కేశవులు ముఖం ఒక్క క్షణం వాడింది. అంతలోనే తేరుకున్నాడు.

"ఆయమ్మకేం తెల్సు నర్సిమ్మా! నాలుగు ప్యాకెట్లు తీసకపోయి నీ బండి మింద పెట్టమని నెల నుంచి ఒకటే నస. లోకమంతా చూస్తాండే సరుకును టీ బండి మింద పెట్టేదా? ఛీ! వ్యాపారం సంగతి నేను చెప్తా ఇనండి. మొదట్లో మా వెబ్‌సైటు మింద ఈగ గూడా వాలల్యా. అబద్ధమెందుకు, వచ్చేది నేనొక్కన్నే, పొద్దున ఒకసారి మాపున ఒకసారి నా అంగడి నేనే చూసుకునేది. అట్లాంటప్పుడు బాచుపల్లిలో బోర్లేసే లింగయ్య కనిపిచ్చినాడు. వానికీ వెబ్‌సైటు ఉండాది, వాని గతీ అదే. 'లింగయ్యా, నీ గడపకు నా బోర్డు కట్టు, నా గడపకు నీ బోర్డు కడ్తా, నీ కాడికొచ్చినోడు నా కాడికొస్తాడు, నా కాడికొచ్చినోడు నీ కాడికి పోతాడు' అన్న్యా. లింకులు మార్చుకునేదంటే ఇదే గదా ప్రశాంతప్పా?"

"అంతే," అన్నాను. అంతవరకూ అబద్ధం లేదు మరి.

"ఆ పొద్దే రెండు ఆర్డర్లు. ఎక్కువ చెప్పను, రెండే. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? మా ఆడది దంచిన కారం తిన్నోడు ఏం చేస్తాడు? నీళ్ళకు పరిగెత్తుతాడు. ఈ ఊర్లో నీళ్ళు యాడుండాయి? చూస్తే ఆడనే బోర్డు, లింగయ్య బోర్లు! కారం నోటితోనే ఫోన్ కొట్నారు. వారం తిరక్కుండా బాచుపల్లి నేల జల్లెడైపోయింది. బళ్ళో పిల్లోళ్ళు బంతి ఎగరేస్తే బోరులో పడేది, పడిన బంతి చందానగర్‌లో మా ఇంటెనక బోరులో తేలేది. నేనే ఏరి సంచికెత్తి ఆ బడికి పంపిచ్చినా."

"బంతులు భూమి కిందికెల్లి నడుసుకుంట వచ్చినయా?" అన్నాడు నర్సింహ.

"నీళ్ళలో కొట్టకచ్చినాయి లేబ్బా, ఇను. కారం ఉత్తగా తింటారా? నెయ్యేసుకొని తింటారు. నెయ్యేసుకుంటే పొట్టలు ఊరుకుంటాయా? దాంతో టైలర్ మధుకర్‌తో లింకు కలిపినా. ప్యాంట్లు వదులు చేపిచ్చుకునేటోళ్ళు లైను కడ్తే మియాపూర్ దాటి పోయింది. ఎండలో అంత మంది నిలబడితే ఎట్ల? పాపం గదా? షామియానాలు, కుర్చీలు కిరాయికిచ్చే దేవరాజుతో లింకు కలిపినా. అంటే మా పొడి కాడ్నుంచి బోరుకు, బోరు కాడ్నుంచి టైలరుకు, టైలరు కాడ్నుంచి కుర్చీలకు, కుర్చీల కాడ్నుంచి మల్ల మా పొడికి! గానుగెద్దు తిరిగినట్ల జనం తిరగతానే ఉండారు."

బోరు మాట వచ్చినప్పుడే హన్నా ఫోన్ లోంచి తలెత్తింది. కుర్చీల దగ్గరికి వచ్చేసరికి గ్లాసు కింద పెట్టింది.

నర్సింహ ఛాయ్ వడగడుతూ అన్నాడు. "మా ఇంట్ల ఒక జాకెట్ ముక్క ఉండె అన్నా. పేరంటంల మా ఆడామె పక్కింటామెకు పెట్టింది, ఆమె ఇంకొగలకు పెట్టింది, వాడంత తిరిగి బతుకమ్మకు మళ్ల మా ఇంటికే వచ్చింది. మడత గూడ ఇప్పలే, ఒక్కరన్న కుట్టిచ్చుకోలే."

"జాకెట్ ముక్క యాడ, లింకు యాడ! నువ్వు పాలు పొంగిపోకుండా చూడు. అసలు కథ ఇప్పుడుండాది. పోయిన నెల మా ఆడది మిరపకాయలు వేంచతాంది. నేను పక్కన కూర్చోని లింకులు పెడతాండా. ఆ ఘాటు చక్కగా లింకులోకి దూరింది! యాడ మా లింకుంటే ఆడికి పోయింది. ఇదో, ఈ అద్దాల మేడ ఉండాది చూడు, దీంట్లో ఎవరో మా లింకు నొక్కినాడు. అంతే! కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఒక్కసారే హాచ్చి! ఆ గాలికి మేడ అట్ల వంగి మల్ల ఇట్ల నిలబడింది. మేనేజర్లు కండ్లు తుడుచుకుంటా దిగొచ్చి నా చేతులు పట్టుకున్నారు. 'సార్, జర మిరపకాయలు దించి ధనియాలు పెట్టమనండి సార్' అని."

"నేను పనిచేసేది ఆ మేడలోనే కదా," అన్నాను.

"నువ్వు లీవులో ఉండావప్పా ఆ పొద్దు."

లీవు దొరికితే నేనెందుకు ఇక్కడుంటాను? కానీ అడ్డు చెప్పలేదు. చెబితే కథ ఆగిపోతుంది.

"ఈడితో ఆగిందా? సముద్రం అడుగున ఇంటర్నెట్ వైరు పోతాది గదా, ఆ వైరు పొడుగునా ఘాటు పోయింది. చేపలు తుమ్మబట్టినాయి. తుమ్మి తుమ్మి, కారం పట్టిచ్చుకొని అవే వలల్లో పడినాయి. విశాఖపట్నంలో జాలర్లు మసాలా కొనేదే మానుకున్నారు, ఉప్పు గూడా సముద్రానిదే, వాళ్ళు చేసేదల్లా నూనె కాంచుకునేది! ఆ తర్వాత ఏమైందో తెల్సునా?"

"చేపలు గూడ వెబ్‌సైటు పెట్టినయా?" అన్నాడు నర్సింహ.

"లోకంలో ఎవరికేం కావాలన్నా ఎతికి పెడ్తారే, ఆ కంపెనీ పెద్దాయన నాకు ఫోన్ చేసినాడు! తెలుగులోనే మాట్లాడినాడు, నేర్చుకున్నాడంట నాకోసం. 'కేశవులు గారూ, జనం ఏం ఎతికినా మీ పొడే వస్తాంది, దవాఖాన ఎతికితే పొడి, రైలు టైము ఎతికితే పొడి, ఇంక మా కంపెనీ ఎందుకు? మీ పేజీలో మాకో చిన్న లింకు పెట్టండి, మీ చలవతో మేమూ బతుకుతాం' అన్నాడు. గొంతులో ఏడుపప్పా! నాకూ కడుపు తరుక్కపోయింది. కానీ ఏం చేసేది? 'అయ్యా, జాగా లేదు' అన్న్యా. 'మా పేజీ పై నుంచి కింది దాకా నిండిపోయింది, ముందొచ్చిన లింగయ్యను లేపి నిన్ను కూర్చోబెట్టలేను, మాట మాటే' అన్న్యా. పెట్టేసినా ఫోన్."

అని గ్లాసు ఎత్తి, ఆ కంపెనీ మీద జాలితో కాబోలు, నిదానంగా ఒక గుక్క తాగాడు.

అప్పుడు హన్నా అడిగింది. "అన్నయ్యగారూ, మీ వెబ్‌సైటు పేరేంటండి?"

"పార్వతమ్మ పొడులు! చూసినావా తల్లీ?"

"మూడు రోజుల్నుంచి అందులోనే తిరుగుతున్నానండి. మా చర్చిలో ప్రోగ్రాముకని ఆన్‌లైన్లో కుర్చీలు చూస్తుంటే మీ బోర్డు కనపడింది. మా నర్సుల హాస్టల్లో కూరలు చప్పగా ఉంటాయి, నెలనెలా పొడులు తెప్పిద్దామని నొక్కాను. మీ పేజీ వచ్చింది. పైన పేరుంది, కింద బోర్లు, టైలరు, కుర్చీలు ఉన్నాయి. పొడి లోపలుంటుందేమోనని బోర్లు నొక్కాను, టైలరు దగ్గరికి పోయింది. టైలర్ని నొక్కితే కుర్చీలు. కుర్చీలు నొక్కితే మళ్ళీ మీరే." ఫోన్ ఆయన ముందు పెట్టింది. "ఇందులో పొడి ఎక్కడ కొనాలండి?"

కేశవులు వేలితో పేజీని పైకి తోశాడు, కిందికి తోశాడు. లింగయ్య ఉన్నాడు, మధుకర్ ఉన్నాడు, దేవరాజు ఉన్నాడు. పార్వతమ్మ పొడి మాత్రం లేదు. ధర లేదు, బొమ్మ లేదు, కనీసం ఫోన్ నంబరన్నా లేదు.

"ఉన్న్యది తల్లీ," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "దేవరాజు బోర్డు పెద్దది. జాగా సాలక... పొడులను తీసేసినా."

నర్సింహ నవ్వబోయి ఆపుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఇంట్లో ఒక మనిషి నెల రోజులుగా చేతులు మండేలా దంచి, ఫోన్ మోగుతుందేమోనని చూస్తోంది. ఎలా మోగుతుంది?

"అక్కగారి నంబరు కలపండి," అంది హన్నా.

ఆయన కలిపాడు. స్పీకర్ నొక్కి, ఛాతీ మళ్ళీ కొంచెం పొంగించాడు. "ఏమ్మే, ఆర్డరొచ్చింది! నర్సుల హాస్టలంట, నెలనెలా కావాలంట!"

అవతల రోకలి చప్పుడు ఆగింది. తర్వాత పార్వతమ్మ గొంతు, నమ్మలేనట్టు, "యాడ్నుంచి? నీ ఎబ్‌సైట్లో నుంచే వచ్చిందా?"

కేశవులు మా ముగ్గురి వంకా చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "మరి? ఏమనుకున్నావ్? సముద్రం అడుగు వైరులో నుంచి..."

హన్నా ఫోన్ వైపు వంగింది. "కాదక్కా, నర్సింహన్న ఛాయ్ బండి దగ్గర్నుంచి!"

"అట్ల చెప్పు తల్లీ!" అంది పార్వతమ్మ. ఆ గొంతులో నవ్వో ఏడుపో తేలలేదు. "ఆయప్పను రోజూ ఆడనే కూర్చోమను. రేపట్నుంచి నాలుగు ప్యాకెట్లు ఆ బండి మింద పెడతాడు, నేనే సంచిలో ఏసి పంపిస్తా. జాగా ఉండాదేమో అడుగమ్మా."

నర్సింహ అప్పటికే బిస్కెట్ల సీసా పక్కకు జరిపి, ఆ జాగా గుడ్డతో తుడుస్తున్నాడు.