ఉరుకుందు కొన్న కంచు కత్తి

ఉరుకుందు అని ఒకడుండె, నల్లదిన్నెలో. బోయోళ్లు. మనిషి పొడుగు, మాట తక్కువ. వాళ్లింటోళ్ల పని ఏందంటే, సుంకులమ్మ జాతర దినం అమ్మ ముందర గుమ్మడికాయ కొట్టేది. తాత కొట్టె, నాయన కొట్టె, ఇప్పుడు వీడు. కత్తి అమ్మది, కంచు కత్తి. ఆ యమ్మకు ఇనుము పనికిరాదంట, ఎందుకో నన్నడగొద్దండి, అట్లనే వస్తాంది. ఒక్క ఏటుకు కాయ రెండు కావాల. అయితే పైర్లు, గొడ్లు, పిల్లాజెల్లా అందరూ బాగుంటారని ఊరోళ్ల నమ్మకం. కాకుంటే ఏమైతాది? కాకుండా ఎప్పుడూ పోలే గదా, అందుకే ఎవురికీ తెలీదు. అట్లాంటిది ఆ యేడు ఏమైందంటే, ఉరుకుందు కత్తి ఎత్తినాడు, దించినాడు, కాయ సగం తెగింది, కత్తి పిడికాడికి పుటుక్కుమనింది. ముక్క ఎగిరిపోయి తప్పెట్లోళ్ల నడుమ పడింది. ఎవురికీ తగల్లే, పుణ్యం. తప్పెట్లు ఆగిపాయె. జనం నోర్లు ఆగుతాయా? కత్తి ఇరగడమేంది, వాని చేతిలోనే ఏదో ఉంది అని ఒకరంటే, వానింట్లో ఏదో జరగరానిది జరిగిందంట అని ఇంకొకరు. ఏం జరిగింది? ఏమీ జరగలే. పాత కత్తి, ఇరిగింది. అంతే అనుకో. కానీ ఆ మాట చెప్పేదానికి ఎవురుండారు?

అంతకుముందు విత్తనం ఏసే దినం వస్తే, ఊర్లో సగం మంది ఉరుకుందును పిలుచుకపోయి మొదటి పిడికెడు వాని చేతనే ఏయించుకుంటా ఉండిరి. ఆ కార్తెకు ఒక్కడూ పిలవలే. ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేది. వాని పెండ్లాం ఈరమ్మ బాయికాడికి పోతే, ఆడోళ్లు కడవలు ఎత్తుకోని జరిగిపోయేది. ఈరమ్మ ఊరుకునే మనిషి కాదు. "కత్తి ఇరిగింది గానీ నా మొగుని చెయ్యి ఇరగలే, ఎవురికన్నా అనుమానముంటే వచ్చి చూసుకోండి" అని బాయికాడనే అరిచె. ఇంటికొచ్చి మాత్రం పొయ్యి ముందర కూచోని ఏడిచె. ఉరుకుందు చూసినాడు. తెల్లారి లేసి పెద్దరెడ్డి ఇంటికి పోయినాడంట.

పెద్దరెడ్డి పేరు కేశిరెడ్డి. చెడ్డోడు కాదు, ఊర్లో రచ్చ కాకూడదు అనే మనిషి. జాతరకు చుట్టుపక్కల ఊర్లన్నీ వస్తాయి, నవ్వులపాలు కాకూడదు అని వాని బాధ. "ఒరే ఉరుకుందూ, పట్నంలో కంచరి వీధి ఉంది, పోయి అట్లాంటి కత్తే ఒకటి తీసుకరా. చూసేదానికి అట్లుంటే చాలు. నాటకాలోళ్లు పట్టుకుంటారే, ఆ మాదిరిది" అనె. ఉరుకుందు, రెడ్డీ, చూసేదానికి ఉంటే కాయ తెగుతాదా అన్నాడు. "కాయ సంగతి నాకిడిసిపెట్టు, నువ్వు కత్తి సంగతి చూడు" అనె రెడ్డి. ఆ మాటకు అర్థం ఏందో ఉరుకుందుకు అప్పుడు తెలీలే. ఇంగ పూజారమ్మ ఉంది, బసమ్మ అని, ముసిలామె. ఇరిగిన ముక్కలు ఆమె కాడ ఉన్నాయి. అవ్వా, ముక్కలియ్యి, కరిగించి కొత్తది పోయిస్తా అంటే, "అమ్మ సొత్తును పొయిలో ఏస్తావా? చూపించుకోని తీసుకరా పో, ఒక్క పలుకు తగ్గినా నీ ఇంటి ముందర కూచుంటా" అని, బట్టలో చుట్టి ఇచ్చె.

పట్నంలో మొదట ఒక అంగట్లోకి పోయినాడు. అంగడాయన గోడకు తగిలించిన కత్తి తీసి చేతికిచ్చె. తళతళలాడతాంది, పిడి మీద పువ్వులు, అన్నీ ఉండాయి. ఎత్తి చూస్తే ఏముంది, రేకు! ఈగను తోలినట్ల ఊగుతాంది. కింద పెట్టేసి బయటికొచ్చినాడు. వీధి చివర ఒక కంచరాయన, మౌనాచారి. పేరు మౌనాచారి గానీ ఆయన నోరు మూసినోళ్లు లేరు. గంట చేస్తా మాట్లాడతాడు, చెంబు చేస్తా మాట్లాడతాడు. ఉరుకుందు ముక్కలు ముందర పెట్టినాడో లేదో, "ఏమప్పా, దీన్ని చంపింది ఎవురు?" అనె. నేనే సామీ అన్నాడు ఉరుకుందు. ఆచారి ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి, ఇరిగినకాడ గోటితో గీకి, "నువ్వు కాదులే. లోపల బుడగ ఉంది చూడు, పోసినప్పుడే పడింది. మీ తాత చేతిలో ఇరగాల్సింది, నీకాడికొచ్చి ఇరిగింది" అన్నాడంట. ఉరుకుందు ఆ ముక్క తీసుకోని బుడగను రెండుసార్లు చూసినాడు. అన్ని నెల్లుగా ఒక్కడన్నా ఆ మాట అనలే గదా మరి. ఆచారి కూతురు చెంబుతో నీళ్లు తెచ్చిస్తే తాగి, అప్పుడు చెప్పినాడు, సామీ, నాకు ఇట్లాంటిదే కావాల, దీని మాదిరే ఉండాల, కానీ తెగాల.

"తెగాలంటే ఊరికే కాదప్పా" అనె ఆచారి. "గంటకు ఏసినంత తగరం కత్తికి ఏస్తే బాగా మోగుతాది, కొడితే పలిగిపోతాది. రాగి ఎక్కువైతే వంగిపోతాది. ఆ నడుమ పట్టుకోవాల. పట్టుకున్నాక అంచును సుత్తితో కొట్టి కొట్టి గట్టి చెయ్యాల. మా ఇంట్లో నాలుగు చేతులు దానిమీదనే ఉండాల. ఏమిస్తావు?" అని అడిగె. రెడ్డి ఇచ్చింది నాటకం కత్తికి సరిపోయేంత. ఉరుకుందు ఇంటికి తిరిగొచ్చి పెండ్లానికి చెప్పినాడు, చెప్పి బర్రె వైపు చూసినాడు. పాలిచ్చే బర్రె, ఉన్నది అదొకటే. ఈరమ్మ లేసి, పలుపు ఇప్పి, మొగుని చేతిలో పెట్టి, "తోలుకపో. మజ్జిగ లేకుంటే సంగటి దిగకుండా పోదు. బాయికాడ తలెత్తకుండా నిలబడేది మాత్రం నాతో కాదు" అనింది. ఆ బర్రె ఊరి పొలిమేర దాటేదాకా ఎనక్కి తిరిగి అరుస్తానే పోయిందంట.

ఆచారి చేసినాడు. మైనంతో పాత కత్తి మాదిరే చేసి, పిడిమీద పాము పడగతో సహా చేసి, దానిమీద మన్ను మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన సందులో కంచు పోసినాడు. మొదటిది పోసి, చూసి, తనే పలగ్గొట్టినాడు. బుడగ ఉందంట. రెండోది నిలిచింది. ఉరుకుందు పోయేసరికి ఆచారి కత్తి చేతికియ్యలే, ముందు జొన్నచొప్ప మోపొకటి తడిపి నిలబెట్టినాడు. "కొట్టు. కొట్టి చూసుకోకుండా నాకాడ ఎవురూ కత్తి కొనకూడదు" అనె. ఉరుకుందు కత్తి అందుకున్నాడు. మళ్లీ ఇరిగితే? ఇరిగితే ఇక్కడే ఇరగనీ అనుకోని కొట్టినాడు. మోపు నడిమికి తెగి పడింది. కత్తి అట్లనే ఉంది. అంచు మీద ఏలు పెట్టి చూసుకోని, ఆ మాట తక్కువ మనిషి నవ్వినాడంట.

ఊరికొస్తే బసమ్మవ్వ ముక్కలు సరిచూసుకోని, కొత్త కత్తిని కన్నెత్తి కూడా చూడలే. "బాగానే ఉండొచ్చు. అమ్మది మాత్రం కాదు. గుడిలో పెట్టను" అనింది. ఉరుకుందు సరేలే అవ్వా అని ఇంట్లో దూలానికి కట్టుకున్నాడు. జాతర వచ్చె. జనం ఇసకేస్తే రాలనట్ల ఉండారు. పోయినేడు కత్తి ఇరిగిందని తెలిసి, ఈసారి ఏమైతాదో చూడాలని రానోళ్లు కూడా వచ్చినారు. తప్పెట్లు మోగతాండాయి. రెడ్డి దగ్గరకొచ్చి ఉరుకుందు చెవిలో, "ఏం భయం లేదు, కొట్టు. నీ కత్తి తెగినా తెగకపోయినా కాయ రెండైతాది" అని ఎనక్కి పోయె. ఉరుకుందు కాయ వైపు చూసినాడు. నడుమ చుట్టూ పసుపూ కుంకమూ మందంగా పూసినారు. వంగి చూస్తే దాని కింద సన్నగా గీత. కోసి, మళ్లీ అతికించిన కాయ అది! అప్పుడు వానికి ఎట్లుండి ఉంటాదో మీరే అనుకోండి. కొడితే కాయ రెండైతాది, మీద పడిన మాట పోతాది, ఇల్లు నిలబడతాది. అందరూ మళ్లీ పిలుస్తారు. ఈరమ్మ అక్కడనే ముందర వరసలో నిలబడుకోని ఉంది, వానివైపే చూస్తాంది.

వాడు కత్తి కింద పెట్టినాడు. బొటనేళ్లు రెండూ ఆ గీతలో పెట్టి కాయను అందరి ముందర రెండుగా ఇప్పినాడు. లోపల చీపురు పుల్లలు గుచ్చి నిలబెట్టినారు, అవి బయటపడె. "ఇది తెగిన కాయ. నేను కొట్టే కాయ యాడ?" అన్నాడంట. రెడ్డి మొగం నల్లబడిపాయె. ఒరే, ఊరి మేలు కోరి చేసినా గదరా అన్నాడు. ఉరుకుందు, తెలుసు రెడ్డీ అన్నాడు, అంతే. బసమ్మవ్వ లేసింది. కోపమొచ్చి పోతాందేమో, జాతర ఆగిపోయినట్లేనేమో అని అందరూ దారిచ్చినారు. ఆమె పోయి, తన కొట్టం మీద కాసి ఎండకు ముదిరిన గుమ్మడికాయ ఒకటి, రాయి మాదిరిది, ఒళ్లో పెట్టుకోని వచ్చె. అమ్మ ముందర పెట్టి, తనే పసుపు పూసి, తిప్పి తిప్పి అందరికీ చూపించి, "కొట్టు" అనింది.

కొట్టినాడు. కాయ రెండైంది, కింద పీట కూడా చీలింది. కత్తి అంచు ఒకకాడ రవ్వంత వంగింది, ఇరగలే. తప్పెట్లోళ్లు కొట్టేది మరిచిపోయి నిలబడుకున్నారంట, ఈరమ్మ అరిస్తే అప్పుడు కొట్టినారు. బసమ్మవ్వ కత్తి చేతికి తీసుకోని, వంగినకాడ కొంగుతో తుడిచి, "అమ్మది కాదు అన్నా గదా, ఇప్పుడూ అదే అంటా" అనింది. అని, "ఏటేటా కొట్టుకుంటా పో. అప్పుడు అమ్మది అయితే కావొచ్చు" అని, దాన్ని తీసుకపోయి గుడిలో పాత ముక్కల పక్కన పెట్టింది.

ఆ కార్తెకు ఉరుకుందును ఇద్దరు ముగ్గురు పిలిచినారు విత్తనానికి, మరుసటేడు ఇంకొందరు. రెడ్డే ముందు పిలిచినాడని కూడా చెప్తారు. మరి వానలు పడినాయా అంటారేమో, ఎప్పటి మాదిరే, దిన్నె మీద పడినాయి, వంకకు అవతల పడలే. మావోళ్లు మాత్రం అంతా ఆ కత్తి వల్లనే అంటారు. నేను కాదనను. ఈ కథ చెప్పినందుకు జాతర దినం కొట్టిన కాయలో నాకూ ఒక చెక్క ఇస్తారు, కాదని ఎట్ల పోగొట్టుకునేది?