మూడో బూటు

కొండ దిగినవాళ్లు ముందుగా ఆగేది ఆ టీ కొట్టు దగ్గరే. కొట్టు నడిపే అక్కకి ఉన్నది ఒక్క తమ్ముడు. వానలకు ముందు, ఎవరి సామానో మోసే కూలికి కుదిరి కొండెక్కాడు, ఇంకా దిగలేదు. అందుకే గ్లాసు చేతికిస్తూ ప్రతివాడినీ అడుగుతుంది, మావాడు ఎక్కడైనా తగిలాడా అని.

ఆ సాయంత్రం వేట ముగించి దిగిన షికారు బాబునీ అడిగింది. తాను ఒంటరిగా వెళ్లానని, పైన మనిషన్నవాడు లేడని చెప్పి ఆయన సంచి, తుపాకి పక్కన పెట్టి బల్ల మీద కాళ్లు చాపాడు.

"వీపున అంత సంచి ఉంటే తుపాకి ఎలా మోస్తారో చెప్పండి. భుజానికి తగిలిస్తే జారిపోతుంది, చేత్తో పట్టుకుంటే కొండెక్కలేం. నేనేం చేశానంటే, ఒక గుడ్డ బూటు పైభాగం కోసేసి సంచి నడుంపట్టీకి కట్టాను, తుపాకి మడమ అందులో దించాను, ఆ బూటు తాడుతోనే గొట్టాన్ని భుజంపట్టీకి ముడేశాను, ఒక్క లాగు లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆ బూటే నడిచి ఉంటుంది బాబూ," అన్నాడు పక్కన టీ తాగుతున్న లారీ డ్రైవరు. బల్ల మీదివాళ్లు నవ్వారు.

నడవడం ఒక లెక్కా? రెండో కొండకల్లా తుపాకి బరువే తెలియలేదట, ఆ పైన సంచి బరువూ పోయిందట. దాహం అనుకునేలోపు, వెనక్కి చాపిన చేతిలో నీళ్ల సీసా పడేదట. ఆగిన చోటల్లా పొయ్యి దానంతటదే రాజుకునేదట. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, చప్పుడు మాత్రం ఆగదు. ఒక అడుగు బూటుది, ఒక అడుగు ఉత్త కాలిది. టక్, తప్. టక్, తప్.

ఇక ఎవరూ నవ్వలేదు. బల్ల చివరన కూర్చున్న మెకానిక్ వేలాడుతున్న కాళ్లు బల్ల మీదికి ముడుచుకున్నాడు. అక్క షికారు బాబు కాళ్ల వంక చూస్తోంది. రెండూ తోలు బూట్లే, ఎక్కడా కోత లేదు.

"అసలుది వినండి. ఏరు పొంగింది. నేను ముందే దాటేశాను. సంచి ఒక విడత వచ్చి ఒడ్డున కూర్చుంది. రెండో విడత చూద్దును కదా, నా తుపాకి నీళ్ల మీద నిలువుగా వస్తోంది. చెట్లకు చెట్లే కొట్టుకుపోతున్నాయి, అది మాత్రం చుక్క తడవకుండా నా దగ్గరికే వచ్చింది. వంగి అందుకున్నాను. నేను గట్టిగా పట్టుకున్నాకే కింద నుంచి వదిలింది."

"ఏది వదిలింది?" డ్రైవరు గొంతు తగ్గించాడు.

షికారు బాబు నవ్వి మిగిలిన టీ తాగేశాడు.

అక్క కొట్టులోంచి బయటికొచ్చి సంచి దగ్గర కూర్చుంది. నడుంపట్టీకి వేలాడుతున్న సగం బూటులో వేళ్లు పెట్టి, అడుగున ఇరికించి ఉన్న అట్టముక్క బయటికి తీసింది. టీపొడి డబ్బా అట్ట. బూటు వదులుగా ఉందని తమ్ముడు విసుక్కుంటే, తనే కత్తిరించి పెట్టింది.

ఆమె లేచి నిలబడింది.

"తుపాకి అందుకున్నారు బాబుగారూ. దాని కిందున్న చెయ్యి మీకు అందలేదా?"

బల్ల మీదివాళ్లు ఒక్కొక్కరే లేచి దూరం జరిగారు. షికారు బాబు నీళ్ల కోసం అలవాటుగా వెనక్కి చెయ్యి చాపాడు. ఎంతసేపటికీ అందులో ఏమీ పడలేదు.