ఏలూరు, గూడెం మధ్య దూరం

ఏలూరు బస్టాండులో తాడేపల్లిగూడెం బస్సు కోసం చూస్తూ, యాభై దాటిన ఇద్దరు టీచర్లు పక్కపక్కన కూర్చున్నారు.

"ఫోన్లో చూశానండీ. మీ గూడేనికి గాల్లో నేరుగా అయితే నలభై నాలుగు కిలోమీటర్లేనట."

"రోడ్డు మీదయితే, నెహెమ్యాగారూ?"

"యాభై. పెళ్ళయ్యాక మీరు రోజూ అంత తిరగాలంటే కష్టం కదా."

"నా బడి వదలనని ముందే చెప్పానండీ."

"వదలమనడం లేదు సువర్ణగారూ. గూడెంలోనే ఇల్లు చూసుకుందాం. తిరిగేది నేను."

"రానూపోనూ వంద కిలోమీటర్లండీ."

"పాతికేళ్ళు ఒంటరిగా ఉన్నాను. ఇంట్లో ఎదురుచూసే మనిషంటూ ఉంటే, అదొక దూరమా అండీ?"

ఆమె సంచీ అందుకుని లేచింది.

"బస్సొచ్చింది. మీరూ ఎక్కండి."

"నేనెందుకండీ?"

"ఇల్లు చూడాలన్నారుగా. మా వీధిలో ఒకటి ఖాళీగా ఉంది. నిన్ననే అడిగి ఉంచాను."