మా మామ బీడీ వెలిగించలేదు

పావగడ కోర్టులో న్యాయాధికారి అమ్మగారి ఎదుట, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నేను చెబుతున్న మాటలు ఇవి.

నా పేరు సుధామణి. భర్త పేరు గంగాధర. వయసు ముప్పై నాలుగు. ఉండేది తిరుమణి. మా పొలం సోలార్ పార్కుకు లీజుకిచ్చాం. అదే పార్కులో ప్యానెళ్ల మధ్య గడ్డి కోసే పనికి వెళతాను. నా భర్త అక్కడే వాచ్‌మన్. నాకు కన్నడ వచ్చు. కానీ ఆ రోజు సంగతి తెలుగులో అయితేనే తడబడకుండా చెప్పగలనంటే అమ్మగారు ఒప్పుకున్నారు.

ఇది పోయిన నెల రెండో ఆదివారం జరిగింది. వానలు బాగా పడి, చాలా ఏళ్లకు వై.ఎన్.హొసకోట దారిలోని చెరువు నిండింది. హొసకోట యోగానంద ఎక్కడో డ్యాము దగ్గర వాడి వదిలేసిన పెట్రోలు పడవ తెచ్చి జనాన్ని తిప్పుతున్నాడు. ఆ పడవకు ఇంజన్ వెనక బయట ఉండదు. పడవ లోపలే ఒక చెక్క పెట్టెలో ఉంటుంది. పెట్రోలు ట్యాంకు కూడా దాని పక్కనే, కాళ్ల కింది పలకల అడుగున. పెట్టె మూతే మనుషులు కూర్చునే సీటు.

సాయంత్రం నాలుగు దాటాక నేనూ, మా కూతురు నయనా, నా భర్త తండ్రి, మా మామ ఎర్రప్పా ఎక్కాం. నయనకు తొమ్మిదేళ్లు. ముగ్గురికీ ఈత రాదు. మా వైపు ఈత నేర్చుకునేంత నీళ్లు ఎప్పుడున్నాయి? నయనకు నీళ్లలో తేలే లైఫ్ జాకెట్ ఒకటి తొడిగి, పెద్దవాళ్లకు లేవన్నాడు యోగానంద. గట్టు దగ్గర పెట్టె మూత కాసేపు తెరిచి పెట్టి, తర్వాత ఇంజన్ స్టార్ట్ చేశాడు. అప్పుడు ఏమీ కాలేదు.

నడి చెరువులో ఫోటోలు తీసుకోమని ఇంజన్ ఆపాడు. గాలి లేదు. నయన పెట్టె మీద కూర్చుని ఉంది. సీటు కాలుతోందంటే మా మామ దాన్ని లేపి, ముందు పలక మీద కూర్చోబెట్టి, తాను పెట్టె మీద కూర్చున్నాడు. కొంచెంసేపటికి పెట్రోలు వాసన మొదలైంది. పలకల సందుల్లో నీళ్లు కనిపిస్తున్నాయి. వాటి మీద రంగులు తేలుతున్నాయి.

"అమ్మా, తల తిరుగుతాండాది," అంది నయన.

మా మామ చెవి మీది బీడీ చేతిలోకి తీసుకున్నాడు. పెట్రోలు వాసన పసిగట్టి, దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెలిగించలేదు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఆయన బీడీ వెలిగించలేదు.

మూత తెరిచి, ఇంజన్ పెట్టెలో గాలిని బయటికి లాగే ఫ్యాను వేయమని యోగానందను అడిగాను. ఫ్యాను పాడైందన్నాడు.

"పెట్రోలు బండిలో పెట్రోలు వాసన రాక ఇంకేమొస్తాదక్కా?" అని నవ్వాడు.

మా మామ నవ్వలేదు. "ఇంజను ముట్టుకోవద్దప్పా. ఆవిరంతా అడుగున నిలిచిండాది. కట్ట మీదోళ్లను పిలుద్దాం. తాడేసి లాక్కుంటారు," అన్నాడు.

గట్టు మీద జనం కాచుకుని ఉన్నారని యోగానంద ఒప్పుకోలేదు. నయనను దగ్గరికి లాక్కున్నాను. ఎందుకో జాకెట్ బెల్టును నా మణికట్టుకు చుట్టుకున్నాను. అతను తాళం తిప్పాడు. టక్కుమంది గానీ ఇంజన్ అందుకోలేదు. వద్దప్పా అన్నాను. మళ్లీ తిప్పాడు.

శబ్దం నాకు సరిగ్గా గుర్తు లేదు. చెవుల్లో ఏదో నొక్కినట్టయింది. మూతతో పాటు మా మామ పైకి లేచాడు. ఆయన చొక్కా అంటుకుంది. యోగానంద నీళ్లలో పడ్డాడు.

"పాపను పట్టుకోమ్మా," అన్నాడు మా మామ. అంతే. తర్వాత అరిచింది కూడా లేదు.

నయనతో దూకేశాను. కాళ్లకు నేల తగల్లేదు, ముళ్లు తగిలాయి. చెరువు ఎండి ఉన్న ఏళ్లలో మొలిచిన జాలి చెట్లు, అదే సర్కారు తుమ్మలు, నిండా మునిగి ఉన్నాయి. ఒక కొమ్మ పట్టుకున్నాను. పెట్రోలు నీళ్ల మీద పరుచుకుని, దానితో పాటు మంట మా వైపు వచ్చింది. నీళ్ల మీద మంట నడిచి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఒక చేత్తో కొమ్మ, ఇంకో చేత్తో మంట మీదికి నీళ్లు తోస్తూ ఉన్నాను. నయన కళ్లు మూసుకుని పలకమంటే పలకలేదు. పోయిందనుకున్నాను.

మా ఊరి శివరాజు ట్రాక్టర్ ట్యూబు మీద వచ్చి మమ్మల్ని లాగాడు. గట్టు మీదికి చేరాక నయన కళ్లు తెరిచింది. తర్వాత మా మామనూ, యోగానందనూ గట్టుకు చేర్చారు. యోగానందకు ముఖం కాలింది, చెయ్యి విరిగింది. మా మామ, తుమకూరు ఆసుపత్రికి తీసుకుపోతుండగా, దారిలోనే చనిపోయాడు.

మూడో రోజు యోగానంద అన్న గిరీశ్ మా ఇంటికి వచ్చాడు. ముసలాయన బీడీ అంటించడం వల్లే పడవ పేలిందని తాము పోలీసు స్టేషన్లో చెప్పామన్నాడు. నన్నూ అదే చెప్పమన్నాడు.

"రేపు మళ్లీ మొకాలు చూసుకోవల్ల కదక్కా. గంగాధరన్న నైట్ డ్యూటీకి పోతే ఇంట్లో నువ్వూ పాపే కదా ఉండేది," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మంచినీళ్లు అడిగి తాగి వెళ్లాడు.

ఆ రోజు నుంచి నా భర్త డ్యూటీకి పోతే తలుపుకు లోపల రోలు అడ్డం పెట్టుకుంటున్నాం. బండిని ఇంటి ముందు స్టార్ట్ చేయనివ్వదు నయన. రోడ్డు దాకా తోసుకుపోయి అక్కడ స్టార్ట్ చేస్తాడు ఆయన. అయినా చెవులు మూసుకుంటుంది.

ఈ ఉదయం కోర్టుకు వస్తూ బస్సు కిటికీలోంచి చెరువు చూశాను. అలాంటిదే ఇంకో పడవను గట్టుకు కట్టి ఉంచారు. గిరీశ్ క్యానుతో పెట్రోలు పోస్తున్నాడు. ఇంజన్ పెట్టె మీద అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, ఒకామె ఒళ్లో బిడ్డ ఉంది. అరవాలనుకునేలోపే బస్సు దాటిపోయింది. వాళ్లను ముందు దించమనండి అమ్మగారూ. మిగతా విచారణ తర్వాత చేసుకోవచ్చు.

పై మాటలు రాసి నాకు చదివి వినిపించారు. నేను చూసిందే చెప్పాను, చూడనిది ఒక్క ముక్క కలపలేదు. భయంగానే ఉంది, అయినా నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) సుధామణి
తిరుమణి గ్రామం, పావగడ తాలూకు