గాజు బీరువాలోని మొక్కజొన్న పొర

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం, జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు మన కళాశాల వృక్షశాస్త్ర విభాగంలో ఇద్దరు వ్యక్తులు ఒకే రిజిస్టరులో సంతకాలు చేసి ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్న మొదటి సంతకం నేడు పదవీ విరమణ చేస్తున్న మన ప్రయోగశాల సహాయకులది. దాని కింద కోడి గీరినట్టున్న రెండవది, మొక్కజొన్న వంటి ఏకదళబీజ కాండాల అంతర్నిర్మాణంపై డాక్టరేటు పుచ్చుకుని ఉపన్యాసకుడిగా చేరిన ఈ వ్యాసకర్తది. కింది వరుస దక్కినందుకు ఈ వ్యాసకర్తకు ఆనాడే కన్ను కుట్టింది. అభినందన సంచికలో రాయదగిన మాట కాదని తెలుసు గాని, ఈ వ్యాసంలో ఇలాంటివి ఇంకా కొన్ని వస్తాయి.

మొక్కజొన్న కాండాన్ని అడ్డంగా, వెలుతురు పారేంత పలుచని పొరగా కోయడం చూసినంత సులువు కాదు. పొద్దుతిరుగుడు కాండంలోనైతే నీటినీ ఆహారాన్నీ మోసే నాళికాపుంజాలు ఒకే వలయంలో బుద్ధిగా కూర్చుంటాయి. మొక్కజొన్నలో అలా కాదు. అంచు పొడవునా చిన్నవి కిక్కిరిసి, నడుమ పెద్దవి ఎడమెడంగా, ఎక్కడ పడితే అక్కడ చెదిరి ఉంటాయి. అంచేమో గట్టి, లోపలేమో మెత్తన. కత్తి అంచు దగ్గర మొరాయించి, నడిమికి రాగానే చీల్చుకుపోతుంది. యంత్రం కోసిన పొరలు చూసి పరిశోధన పూర్తిచేసిన ఈ వ్యాసకర్త చేతి రేజరు పడితే వచ్చేవి పొరలు కావు, పలకలు.

ప్రయోగశాల సహాయకులకు మాత్రం అది వెన్నతో పెట్టిన విద్య. చేరిన నెలలోనే ఒక మధ్యాహ్నం ఆయన ఈ వ్యాసకర్త పక్కన నిలబడి, ఎవరికీ వినబడకుండా, "నొక్కకండి సార్, మీ వైపుకి లాగండి. కత్తి మీద తడి ఆరనివ్వకండి" అన్నారు. ఉపదేశం అర్థమైంది గాని చేతికి అబ్బలేదు. ఏకదళబీజ కాండంలో ఏటేటా కొత్త కణాలను పుట్టించే విభాజ్య కణావళి ఉండదనీ, అందువల్ల అది చెట్టు మానులా లావెక్కదనీ ముప్ఫై ఐదేళ్ళు పాఠం చెప్పిన ఈ వ్యాసకర్త హస్తనైపుణ్యం కూడా చేరిననాడు ఎంతో నేటికీ అంతే.

కాలక్రమాన కనిష్ఠ సహాయకులు వరిష్ఠ సహాయకులయ్యారు. విద్యార్థులు ఆయనకు "పొరల బాబాయి" అని పేరు పెట్టుకున్నారు. సూక్ష్మదర్శినిలో మొక్కజొన్న నాళికాపుంజం ముఖంలా ఉంటుంది: రెండు పెద్ద నాళాలు కళ్ళు, వాటి కింది ఖాళీ తెరిచిన నోరు. "అందరూ నోళ్ళు తెరుచుకుని మీ వంకే చూస్తున్నారు. బొమ్మ తప్పు గీశారంటే వాళ్ళే నవ్వుతారు!" అని బాబాయి అనేవారు. తరగతి ఘొల్లుమనేది. అదే చమత్కారాన్ని మరునాడు ఈ వ్యాసకర్త ప్రయోగిస్తే పిల్లలు దాన్ని నోట్సులో రాసుకున్నారు. ఇన్నేళ్ళలో ఈ వ్యాసకర్తను ఏ విద్యార్థీ బాబాయి అనలేదు. సందేహం వస్తే అతని బల్లను దాటుకుంటూ, రేజర్లు కడిగే తొట్టి దగ్గరికే వెళ్ళేవారు. అటు చూసినప్పుడల్లా కడుపు మండిపోయేది.

ఉద్యోగ జీవితం పన్నెండవ ఏట, మన విభాగానికి స్నాతకోత్తర కోర్సు మంజూరు చేయవచ్చునా లేదా అని తేల్చడానికి ముగ్గురు నిపుణులు వచ్చారు. కాండాల నిపుణుడని ఈ వ్యాసకర్తనే కోసి చూపమన్నారు. అయిదు పొరలు కోస్తే అయిదూ చిరిగాయి. నీళ్ళు మార్చే నెపంతో వచ్చిన బాబాయి తన గాజు గిన్నెను బల్లపై ఉంచి, చిరిగిన పొరలున్న గిన్నెను తీసుకుని వెళ్ళిపోయారు. పెద్ద నిపుణులు సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసి, "ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్క పుంజం కూడా చెదరలేదే! ఎవరు కోశారండీ?" అని అడిగారు. అప్పటి విభాగాధిపతి ఈ వ్యాసకర్త భుజం తట్టారు. ఈ వ్యాసకర్త వినయంగా తల వంచాడు.

కోర్సు వచ్చింది. ఆ పొరను శాశ్వత స్లైడుగా చేసి, ఈ వ్యాసకర్త పేరున్న చీటీ అతికించి, ద్వారం పక్కన గాజు బీరువాలో పెట్టారు. కొన్నాళ్ళకు విభాగాధిపతి పదవి కూడా అతన్ని వరించింది. ఇరవై మూడేళ్ళుగా ప్రతి సోమవారం ఆ బీరువా అద్దాన్ని తుడుస్తున్నది బాబాయి.

గత నెల ఈ సంచిక కోసం ఛాయాచిత్రం ఇవ్వడానికి బాబాయి కుమార్తె వచ్చింది. ఆమె ఇక్కడి పూర్వ విద్యార్థిని, ఇప్పుడు ఉపాధ్యాయురాలు. బీరువా ముందు ఆగి, నవ్వుతూ చెప్పింది: "సార్, మొదటి ఏడు మీరు ఈ స్లైడు చూపించారు కదా, ఆ రోజు ఇంటికెళ్ళి నాన్నని అడిగాను, నువ్వు కూడా ఇంత బాగా కోయగలవా అని. 'అంత పని సార్‌కే చేతనవుతుందమ్మా, నాకెక్కడొస్తుంది' అన్నారు. నాన్నకి మీరంటే అంత గౌరవం సార్."

అప్పుడే నిజం చెప్పవలసింది. దానికి బదులు ఛాయాచిత్రం అందుకుని, ధన్యవాదాలు చెప్పి పంపించేశాడు. ఉన్నదున్నట్టు రాయాలంటే, ఆ క్షణాన ఈ వ్యాసకర్తకు ముందు కలిగింది సిగ్గు కూడా కాదు, మళ్ళీ అసూయే. చెయ్యంటే సాధనతో వచ్చిందనుకోవచ్చు. కన్నకూతురి ముందు తనను తాను తగ్గించుకుని అంత మాట అనగలిగే మనసు ఈ మనిషికి ఎక్కడి నుంచి వచ్చింది? సిగ్గు ఇంటికి వెళ్ళాక వచ్చింది, వచ్చింది మళ్ళీ పోలేదు. కనుక ఆ అమ్మాయికీ, ఈ సంచిక చదివే అందరికీ స్పష్టంగా తెలియజేయడమైనది: ఆ పొర మీ నాన్నగారు కోసినది.

మొన్న సోమవారం ఈ వ్యాసకర్త బీరువా తాళం తీసి, స్లైడు మీది చీటీని గోటితో గీకుతున్నాడు. గుడ్డ పట్టుకుని వచ్చిన బాబాయి కంగారుపడ్డారు.

"అదేంటి సార్, ఏం చేస్తున్నారు?"

"పేరు మారుస్తున్నానండీ."

"ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు సార్?"

"మీ అమ్మాయి వచ్చి వెళ్ళింది."

ఆయన గుడ్డను భుజాన వేసుకున్నారు. "అలా గీకితే గాజు పగులుతుంది సార్, ఇలా ఇవ్వండి" అని స్లైడు అందుకున్నారు. చీటీని తడిపి, రెండు నిమిషాలు ఆగి, రేజరును వాల్చి, నొక్కకుండా తన వైపుకి లాగారు. చీటీ చిన్న చిరుగైనా లేకుండా ఊడివచ్చింది. దాన్ని వేలి కొసన పెట్టి ఈ వ్యాసకర్త చేతికిస్తూ, "మీ పేరేం చిరగలేదు సార్, దాచుకోండి" అన్నారు. ఆఖరికి అది కూడా ఆయనే బాగా చేశారు.

కొత్త చీటీ మీద ఆయన పేరును ఈ వ్యాసకర్తే, చేతనైనంత గుండ్రంగా, రాశాడు. సన్మాన సభ నాడు ఆ స్లైడు వేదిక మీద సూక్ష్మదర్శిని కింద ఉంటుంది. మొట్టమొదట ఆయన కుమార్తె చూడాలని మనవి. ప్రయోగశాల సహాయకులు శ్రీమతీ సంతాన సమేతులై, ఆయురారోగ్యాలతో, చేతి వణుకన్నది ఎరుగక నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలనీ, వారిని చూసి ఇంకా చాలాకాలం అసూయపడే భాగ్యం ఈ వ్యాసకర్తకు దక్కాలనీ మనసారా ఆకాంక్ష.